అధీకృత దూరప్రాంతం

చిరుధాన్యాల విత్తన సంస్థ కంప్యూటర్లలో దొంగలు పడలేదు. పడితే ఏమవుతుందన్న ఆలోచన మాత్రం పడింది. ఒక సదస్సులో, మధ్యాహ్న భోజనానికి కాస్త ముందు, భద్రతా విభాగం సంయుక్త సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారికి ఆ ఆలోచన కలిగింది. వేదిక మీద నిపుణుడెవరో ముసుగు మనిషి బొమ్మ చూపించి, "ఈ క్షణంలో వీడు మీ కొర్రల వివరాలు చూస్తూ ఉండవచ్చు" అన్నాడట. పరాంకుశం గారు ఆ పూట పెరుగన్నం దాకా వెళ్ళలేకపోయారు.

సంస్థ ప్రధాన కార్యాలయం కృష్ణ ఒడ్డున ఒక పట్నంలో ఉంటుంది. విత్తనం డిపోలు మాత్రం జిల్లాల్లో, రైతులకు దగ్గరలో ఉంటాయి. డిపో అధికారి దగ్గర ఒక ల్యాప్‌టాప్ ఉంటుంది. అందులో వీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని అందరూ సొరంగం అంటారు. డిపోలో కూర్చున్న మనిషి మూడో కంటికి తెలియకుండా ప్రధాన కార్యాలయం కంప్యూటర్లోకి వెళ్ళే దారి అది. తెరమీద తాళం బొమ్మ పచ్చబడితే దారి తెరుచుకున్నట్టు. అధికారి లోపలికి వెళ్ళి "విడుదల" నొక్కాలి. రైతు ఫోనుకు సందేశం వస్తుంది. అది చూపిస్తే గోదాములో బస్తా ఇస్తారు. సందేశం లేకుండా బస్తా కదిలితే దాన్ని దొంగతనం అంటారు.

సదస్సు నుంచి తిరిగొచ్చాక పరాంకుశం గారు మూడు ఉత్తర్వులు తెచ్చారు. సొరంగం సాఫ్ట్‌వేర్‌కు ఎప్పటికప్పుడు మెరుగులు దిద్ది, కొత్తది దానంతటదే అందరి ల్యాప్‌టాప్‌లలోకి వచ్చేలా చేయాలన్నది మొదటిది. పాత సొరంగం ఉన్నవాళ్ళను లోపలికి రానివ్వకూడదన్నది రెండోది. కొత్త సొరంగం దొంగల కంట పడకుండా ప్రధాన కార్యాలయం కంప్యూటర్లోనే భద్రంగా దాచాలన్నది మూడోది. విడివిడిగా చూస్తే మూడూ బంగారం లాంటి నిర్ణయాలు. మూడూ కలిసి అమల్లోకి వచ్చింది ఒక సోమవారం.

ఆ సోమవారం అనంతపురం వైపు చెన్నంపల్లె డిపోలో సౌభాగ్య పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచింది. ముందురోజు మంచి వాన పడింది. నేల పదునెక్కింది. కొర్ర విత్తనం కోసం రైతులు డిపో అరుగు మీద అప్పటికే చేరి ఉన్నారు. సౌభాగ్య ఆ డిపోకు వచ్చి చాలాకాలమైంది. ఎవరి చేను ఎర్రనేలో, ఎవరిది నల్లనేలో ఆమెకు తెలుసు. వాన పడ్డ మరునాడు రైతును వెనక్కి పంపడం ఆమెకు చేతకాదు.

తాళం బొమ్మ ఎర్రగా ఉంది. కింద ఇలా రాసి ఉంది: "మీ సొరంగం పాతబడింది. కొత్తది ప్రధాన కార్యాలయంలో సిద్ధంగా ఉంది. సొరంగం ద్వారా వచ్చి తీసుకోగలరు."

సౌభాగ్య సొరంగం నొక్కింది.

"పాత సొరంగం ద్వారా ప్రవేశం లేదు."

ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టింది. ఇంటర్నెట్ చూసింది, బాగానే ఉంది. గడియారం చూసింది, అదీ సరిగ్గానే ఉంది. సొరంగాన్ని తీసేసి మళ్ళీ వేద్దామనుకుంది. తీసేశాక మళ్ళీ వేయడానికి లోపలికే వెళ్ళాలని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏం మేడమ్, ఇంగా తెరుచుకోలేదా?" అన్నాడు కుళ్లాయప్ప. అరుగు మీద అందరికంటే ముందు కూర్చున్న పెద్దాయన అతను.

"లోపలికి పోవల్లంటే కొత్తది కావల్లంట అన్నా. కొత్తది లోపలుందంట."

కుళ్లాయప్ప కాసేపు ఆలోచించాడు. "మా బామ్మర్ది ఇట్లనే తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసినాడు. వానికి అప్పుడు జ్వరం."

సౌభాగ్య సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది.

"మీ సమస్యను సహాయ పోర్టల్లో నమోదు చేశారా, మేడం?"

"పోర్టల్ ఎక్కడుంది?"

"సొరంగం లోపల, మేడం."

"నేను బయట ఉన్నాను. అదే సమస్య."

"అర్థమైంది మేడం. ఆ విషయమే పోర్టల్లో రాయండి. మీరు అప్‌డేట్ కోసం ఏమైనా నొక్కారా?"

"నొక్కినాను."

"నొక్కకూడదు మేడం. ఇది ఆటోమేటిక్. మీరేమైనా చేస్తే ఆటోమేటిక్ కాకుండా పోతుంది. ఊరికే ఉండండి."

సౌభాగ్య ఆ రోజంతా ఊరికే ఉంది. సంస్థ చరిత్రలో ఒక ఆదేశాన్ని డిపోలన్నీ ఒకేసారి అమలు చేసింది ఆ ఒక్క రోజే. మరునాడు ఆమె ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుంది. "పదును ఆరిపోయేలోగా వస్తా అన్నా" అని కుళ్లాయప్పకు చెప్పి బస్సెక్కింది.

ప్రధాన కార్యాలయం రెండో అంతస్తులో జాతర జరుగుతోంది. రాష్ట్రంలోని డిపో అధికారులందరూ ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని నిలబడ్డారు. గోడలోంచి వచ్చే తీగను ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే కొత్త సొరంగం దానంతటదే ఎక్కుతుంది. సౌభాగ్య ముందు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన శిమ్మినాయుడు ఉన్నాడు. పొడుగు మనిషి. రాగి విత్తనం డిపో అతనిది, అటువైపు చోళ్లంటారు.

"ఏటి మేడం, మీకూ ఇదే గోలా?" అన్నాడు. "మా రైతులైతే నన్ను అనుమానంగా చూస్తన్నారు. చోళ్లు నేనే ఎక్కడో దాసేసినాననుకుంటన్నారు."

సాయంత్రానికి ఇద్దరూ తీగ తగిలించారు. కొత్త సొరంగం వచ్చింది. సౌభాగ్య తిరుగు బస్సెక్కింది. ఒంగోలు దాటాక భోజనాల దగ్గర బస్సు ఆపారు. అనుమానం తీరక అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి చూసింది. కొత్త సొరంగంలో ఒక లోపం కనిపెట్టి, దాన్ని సరిచేసి, ఇంకా కొత్త సొరంగం తయారు చేశారు. ఆమెది పాతబడింది. సంచీ దింపుకుని, రోడ్డుకు అవతలి వైపు వెళ్ళి, పట్నం వైపు వచ్చే బస్సు కోసం నిలబడింది.

మళ్ళీ రెండో అంతస్తుకు వచ్చేసరికి శిమ్మినాయుడు అక్కడే ఉన్నాడు. అతను బస్టాండు కూడా దాటలేదు.

ఆ వారం ఇలాగే గడిచింది. ఎవరూ తమ డిపో చేరలేదు. చేరేలోపు సొరంగం పాతబడేది. చివరికి సౌభాగ్య పరాంకుశం గారి గదికి వెళ్ళింది. ఆయన మర్యాదస్థుడు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, ఎంతో ఓపికగా విన్నారు.

"మీ క్షేత్రస్థాయి ఇబ్బందులు మా దృష్టిలో లేకపోలేదు," అన్నారాయన. "అయితే సమగ్ర దృక్పథంతో పరిశీలించినట్లయితే, నూతన విధానం ఆశించిన ఫలితాలను మించి ఇచ్చిందని విన్నవించుకుంటున్నాను. సోమవారం నుంచి ఈ క్షణం వరకు మన వ్యవస్థలోకి ఒక్కరంటే ఒక్కరు చొరబడలేదు."

"మేము కూడా పోలేకపోయినాం సార్."

"అదే కదమ్మా భద్రత అంటే."

"కొత్త సొరంగాన్ని బయట ఎక్కడైనా పెట్టండి సార్. ఎవరిది వాళ్ళు తీసుకుంటారు."

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. "బయట పెడితే దొంగలు కూడా అప్‌డేట్ అవుతారు."

"అయితే ఇక్కడే కూర్చుని చెన్నంపల్లెకు విత్తనం విడుదల చేసేదానికి అనుమతి ఇవ్వండి."

"అది పరిధిని అతిక్రమించడమవుతుంది. డిపో అధికారి విడుదల చేయవలసింది దూరప్రాంతం నుంచి, సొరంగం ద్వారా. ప్రధాన కార్యాలయం నుంచి విడుదల చేయడానికి ప్రధాన కార్యాలయ అధికారి కావాలి. ప్రధాన కార్యాలయ అధికారికి డిపో లేదు." ఆయన ఆగి, ఆమె ముఖం చూసి, కాస్త కరిగారు. "మీ ప్రయాణ బడలిక గురించి మాత్రం ఏదో ఒకటి చేద్దాం."

మరునాడే చేశారు. ఉత్తర్వు నోటీసు బోర్డు మీదికెక్కింది: "దూరప్రాంతముల నుండి పనిచేయు సిబ్బంది యావన్మందియు తదుపరి ఆదేశములు వెలువడు వరకు ప్రధాన కార్యాలయమందే ఉండి దూరప్రాంతముల నుండి పనిచేయవలెను."

కింది అంతస్తు హాలు ఖాళీ చేసి బల్లలు వేశారు. ఒక్కో బల్ల మీద ఒక్కో డిపో పేరు రాసిన చెక్క పలక పెట్టారు. సౌభాగ్య చెన్నంపల్లె బల్ల దగ్గర కూర్చుంది. పక్క బల్ల శ్రీకాకుళం. రాయలసీమకూ ఉత్తరాంధ్రకూ మధ్య ఒక పెడస్టల్ ఫ్యాను తిరుగుతోంది.

తీగ తగిలించింది. కొత్త సొరంగం వచ్చింది. తాళం నొక్కింది. తెరమీద కొత్త మాట కనబడింది:

"మీరు ఇప్పటికే లోపల ఉన్నారు. సొరంగం అవసరం లేదు. దూరం వెళ్ళి ప్రయత్నించండి."

శిమ్మినాయుడు తన తెర చూసుకుని, ఆమె తెర చూసి, "ఇదేటి మేడం, బైటుంటే లోనకి రావొద్దంతాది, లోనుంటే బైటికి పొమ్మంతాది," అన్నాడు. "మా అత్తోరిల్లు గుర్తొస్తంది."

సరిగ్గా అప్పుడే కుళ్లాయప్ప ఫోన్ చేశాడు. అతను గట్టిగా మాట్లాడలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"అమ్మా, నిన్న ఎండ బాగా కాసింది. పైన ఆరిపోయింది గానీ బెత్తెడు లోతున తేమ ఇంగా ఉంది. రేపటికి ఉంటాదో లేదో చెప్పలేను. నాగళ్లు కట్టుకుని కూచున్నాం. రాకపోతే రాదని చెప్పు తల్లీ, ఇంగేదన్నా చూసుకుంటాం."

"వస్తాది అన్నా. రేపు పొద్దునకు వస్తాది," అంది సౌభాగ్య. ఫోన్ పెట్టేశాక, ఎలా వస్తుందో తనకే తెలియక కాసేపు చెన్నంపల్లె పలక వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత తెరమీది మాట మళ్ళీ చదివింది. దూరం వెళ్ళి ప్రయత్నించమంది. ఎంత దూరమో చెప్పలేదు.

ల్యాప్‌టాప్ మూయకుండానే రెండు చేతులతో పట్టుకుని లేచింది. మెట్లు దిగింది. గేటు దాటింది. తాళం ఎర్రగానే ఉంది. కార్యాలయం వైఫై గేటు దాకా వస్తోంది. లారీలకు దారిచ్చి రోడ్డు దాటింది. ఎదురుగా కోటేశ్వరమ్మ టీ బంకు. బెంచీ మీద కూర్చుని, ఫోనులోంచి ఇంటర్నెట్ పెట్టి, తాళం నొక్కింది.

పచ్చబడింది.

సౌభాగ్య ల్యాప్‌టాప్‌ను ఒళ్ళోకి లాక్కుంది. తర్వాత చెన్నంపల్లె రైతుల పేర్లు ఒక్కొక్కటే తెరిచి, "విడుదల" నొక్కుతూ పోయింది. మొదట నొక్కింది కుళ్లాయప్ప పేరే.

"టీ పెట్టమంటారా అమ్మగారూ?" అంది కోటేశ్వరమ్మ. "ఎక్కడినుంచండీ రాక?"

"దూరం నుంచి," అంది సౌభాగ్య, తల ఎత్తకుండా.

కాసేపటికి ఫోన్ మోగింది. "వచ్చింది తల్లీ," అన్నాడు కుళ్లాయప్ప. వెనకాల బస్తాలు లాగుతున్న చప్పుడు, ఎవరో ఎవరినో తొందరపెడుతున్న కేకలు వినిపించాయి. "అందరికీ వచ్చింది. మళ్ల చేస్తా, ఎద్దులు నిలబడవు."

సౌభాగ్య అప్పుడు టీ తాగింది. కళ్ళు తుడుచుకోవడం చూసి కోటేశ్వరమ్మ పొయ్యిలో పొగ తగ్గించింది.

కబురు హాలులోకి పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు శిమ్మినాయుడు వచ్చాడు, తర్వాత ప్రకాశం, చిత్తూరు, గోదావరి జిల్లాలు వరసగా రోడ్డు దాటాయి. బెంచీలు చాలక కోటేశ్వరమ్మ నీళ్ళ డ్రమ్ములు బోర్లించింది. సొరంగం పాతబడితే లోపలికి పరుగెత్తి తీగ తగిలించుకోవడం, కొత్తబడగానే బయటికి పరుగెత్తి విడుదల నొక్కడం. లారీ డ్రైవర్లు ఇదేదో పరుగుపందెం అనుకుని ఆగి చూశారు.

మధ్యాహ్నం పరాంకుశం గారు కిందికి వచ్చి చూస్తే హాలు ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే రాష్ట్రం మొత్తం టీ బంకు దగ్గర ఉంది. ఆయన స్వయంగా రోడ్డు దాటి వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. సౌభాగ్య తనకు మెమో ఖాయమనుకుంది. ఏమైతేనేం, విత్తనం చేలోకి వెళ్ళిపోయింది, ఇక దాన్ని ఎవరూ వెనక్కి పిలవలేరు అని ధైర్యం తెచ్చుకుంది.

"ఎవరి ఆలోచన ఇది?"

"నాదే సార్. దూరం పొమ్మంటే వచ్చినా."

"ఇది దూరమేనని ఎవరు ధ్రువీకరించారు?"

"సొరంగమే సార్," అంటూ పచ్చ తాళం చూపించింది.

పరాంకుశం గారు తాళం చూశారు. రోడ్డు చూశారు. వెనక్కి తిరిగి తన కార్యాలయాన్ని, దాని మీద తన గది కిటికీని చూశారు. తను తెచ్చిన విధానం పనిచేయగా చూడడం ఆయనకు అదే మొదటిసారి. కోటేశ్వరమ్మ అందించిన టీ తీసుకుని, రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకున్నారు.

"సంస్థ విధానాల మేరకే, నిర్దేశిత దూరం నుంచి, భద్రతా ప్రమాణాలకు లోబడి కార్యకలాపాలు జరుగుతున్నట్లు మా పరిశీలనలో తేలింది. ఈ స్థలాన్ని అధీకృత దూరప్రాంతంగా ప్రకటిస్తున్నాను."

"అంటే నా బంకు లేపేస్తారాండీ?" అంది కోటేశ్వరమ్మ.

"లేదమ్మా. రక్షిస్తాం."

రక్షించారు. బంకు మీద సంస్థ బోర్డు వచ్చింది. కోటేశ్వరమ్మకు గుర్తింపు కార్డు వచ్చింది. అధీకృత ప్రదేశం ఏదైనా సంస్థ భద్రతా వలయంలో ఉండి తీరాలి కనక, కార్యాలయం నుంచి రోడ్డు కింద కాలువ తవ్వి టీ బంకుకు తీగ లాగారు. లాగిన రోజు పరాంకుశం గారు రిబ్బను కత్తిరించారు. అధికారులు బెంచీల మీద కూర్చుని తాళాలు నొక్కారు.

"మీరు ఇప్పటికే లోపల ఉన్నారు. దూరం వెళ్ళి ప్రయత్నించండి."

సంయుక్త సంచాలకులు నిరుత్సాహపడలేదు. టీ బంకు లోపలికి వచ్చిందంటే సంస్థ విస్తరించిందన్న మాటే కదా అన్నారు. దూరప్రాంతాన్ని అవతలి పంక్చర్ల కొట్టుకు మార్చారు. అక్కడా పని సాగింది. అక్కడికీ బోర్డు వచ్చింది, గుర్తింపు కార్డు వచ్చింది, రక్షణ కోసం తీగ వచ్చింది. పంక్చర్ల కొట్టు లోపలికి వచ్చేసింది. తర్వాత కల్యాణమండపం. తర్వాత హైవే మీద ధాబా. ధాబా యజమాని తన గుర్తింపు కార్డును దేవుడి పటాల పక్కన తగిలించాడు.

ఇలా దూరం జరుగుతూ పోయింది, తీగ దాని వెంట పోయింది, తీగ వెంట డిపో అధికారులు పోయారు. దూరప్రాంతం ఏ దిక్కుకు జరగాలన్న దానిపై సిబ్బంది సలహాలు కోరినప్పుడు శిమ్మినాయుడు, సౌభాగ్య రెండు వర్గాలుగా చీలిపోయారు. పరాంకుశం గారు ఇద్దరినీ నొప్పించలేక రెండు తీగలు మంజూరు చేశారు. ఒకటి విజయనగరం మీదుగా వెళ్ళింది. ఒకటి గిద్దలూరు ఘాటు ఎక్కి, నంద్యాల దాటింది. సౌభాగ్య దాని వెంట ప్రతి మజిలీలోనూ కూర్చుని, చెన్నంపల్లె రైతులకు సజ్జ, ఆరిక, సామ విడుదల చేస్తూ, ప్రతి మజిలీకీ ఇంటికి కాస్త దగ్గరవుతూ వచ్చింది. సంస్థలో ఇంత సంతోషంగా అమలైన పథకం మరొకటి లేదు.

చలికాలంలో ఒక పొద్దున తీగ చెన్నంపల్లె డిపోకు చేరింది. సౌభాగ్య తన పాత కుర్చీ దుమ్ము దులిపి కూర్చుంది. తను లోపలే ఉన్నానని తెర చెప్పింది. డిపో అధికారి డిపోలోనే ఉంది, డిపో కార్యాలయం లోపలే ఉంది. పరిధిని అతిక్రమించడం ఎక్కడా కనబడలేదు. అభ్యంతరం పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. సొరంగం లేకుండానే విడుదల చేయవచ్చని ఉత్తర్వు వచ్చింది. కొద్ది రోజుల్లో మిగతా డిపోలన్నీ అలాగే లోపలికి వచ్చేశాయి.

భద్రతా విభాగం మాత్రం కొత్త సొరంగాలు చేస్తూనే ఉంది. అవి ఇప్పుడు ఎంతో బాగా కుదిరాయట. ఒక్క లోపమూ లేదట. కాకపోతే పరీక్షించి చూడడానికి బయట ఎవరూ మిగల్లేదు.

మరుసటి పంటకారులో, కొర్ర కంకులు బరువెక్కి వంగుతున్న రోజుల్లో, కుళ్లాయప్ప చేను పక్కన జీపు ఆగింది. పరాంకుశం గారు దిగారు. ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని గట్టు వెంబడి నడుస్తూ, అక్కడక్కడా ఆగి తెర చూసుకుంటున్నారు. సౌభాగ్య డిపోలోంచి పరుగున వచ్చింది.

"ఏం సార్, ఏమన్నా పోగొట్టుకున్యారా?" అని అడుగుతున్నాడు కుళ్లాయప్ప.

"దూరప్రాంతం కోసం అన్వేషిస్తున్నానయ్యా. ఎక్కడికి వెళ్ళినా లోపలే ఉన్నానంటోంది. మన తీగలు చాలా పటిష్ఠంగా వేశారు."

కుళ్లాయప్ప ఆయనకు మజ్జిగ ఇచ్చాడు. తాగడం అయ్యేదాకా ఆగి, పడమటి వైపు చెయ్యి చాపాడు. "ఆ గుట్ట దాటితే కర్ణాటక సార్. దానికవతల మనోళ్లు ఎవరూ లేరు."

పరాంకుశం గారి ముఖం వెలిగింది. జీపు గుట్ట ఎక్కే దారి లేకపోవడంతో, ప్యాంటు అంచులు మడిచి, నడిచే వెళ్ళారు. ఆయన తెల్ల చొక్కా గుట్ట మీద చాలాసేపు కనబడింది. తర్వాత అవతలికి దిగిపోయింది.

సౌభాగ్య డిపోకు తిరిగొచ్చి పనిలో పడింది. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"పచ్చబడిందమ్మా," అన్నారు పరాంకుశం గారు. ఆయన గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "ఇక్కడందరూ కన్నడం మాట్లాడుతున్నారు. నిస్సందేహంగా దూరమే. నేను కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను. ఎవరైనా అడిగితే కార్యాలయంలోకి వస్తూనే ఉన్నానని చెప్పండి."

సౌభాగ్య అభినందనలు చెప్పింది. ఒంట్లో జాగ్రత్తగా ఉండమంది. ఫోన్ పెట్టేసి, అరుగు మీద నిలబడ్డ రైతును పేరు చెప్పమని అడిగింది.